వంతు పుస్తకం

మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీ గోడకి
రెండు పెట్టెలు బిగించి వెళ్ళారు కంపెనీ కుర్రాళ్ళు.
ఒకదాని మూతిలో కందిరీగలు మట్టిగూడు కట్టాయి.
రెండోది పనిచేస్తుంది,
పనిచేసినప్పుడు.

ఫోనులో చూస్తే మా రేవు దగ్గర
ఆకుపచ్చ చుక్క వెలుగుతూ ఉంటుందట,
రెండూ ఉన్నాయి, రెండూ ఖాళీ అని.
ఆ చుక్కకి ఉప్పుగాలి తెలీదు, కందిరీగలు తెలీవు.
దాన్ని నమ్మి వచ్చినవాళ్ళకి
ముందు మంచినీళ్ళిస్తాను,
తర్వాత నిజం చెప్తాను.

నేనిక్కడ కాపలా. కొల్లాటి ధనరాజు.
మా నాన్న కాలవ లస్కరు.
ఏ బోదెకి ఏ రాత్రి నీళ్ళో
పొగాకు వాసనేసే పుస్తకంలో రాసుకునేవాడు.
వంతు జరపమని ఒకాయన
బుట్టెడు మామిడికాయలు పంపితే
కాయలు తిన్నాడు, వంతు జరపలేదు.
ఆ పుస్తకంలో మిగిలిన కాయితాల మీదే
నేనిప్పుడు కరెంటుకి వంతులు రాస్తున్నాను,
పెన్సిలుతో.
పెన్ను రాతకి పొగరెక్కువ, చెరిపితే వినదు.

మొన్న రాత్రి మూడింటికి
ఆరు శాతంతో వచ్చి ఆగింది ఒక చిన్న వ్యాను.
లోపల గాలి నింపిన సంచుల్లో రొయ్యపిల్లలు,
లక్షల్లో, ఒక్కోటీ కనురెప్ప వెంట్రుకంత.
"తెల్లారేలోగా వదిలెయ్యాలండి,
ఎండెక్కితే పోతాయండి" అన్నాడు డ్రైవరు ఇమ్మానియేలు.
ఫోను తీసి చుక్క చూపించాడు.
ఆకుపచ్చగానే ఉంది.

వంతు గుబ్బల వీరమణిది.
ఏడింటికి ఆమె ఆటోలో బడిపిల్లలు తొమ్మిదిమంది.
పుస్తకం చూసింది, సంచుల వైపు చూసింది,
తన బండికి పెట్టబోయిన వైరు
అతని బండికి పెట్టింది.
"నావీ పిల్లలే,
ఇవైతే అల్లరి చెయ్యవు" అంది.

పెట్టె రెండు నిమిషాలు మూలిగి ఆగిపోయింది.
వోల్టేజి లేదు.
గట్టు అవతల చెరువుల్లో
ఏరియేటర్లన్నీ నీళ్ళు చిలుకుతున్నాయి.
ఆ వేళకి నీళ్ళలో ఊపిరి తగ్గుతుంది మరి.
రొయ్య తేలిందంటే
రైతు మునిగాడన్నమాటే.
ట్రాన్స్‌ఫార్మరు చూస్తే అందరికీ ఒక్కటే.

సరుకు ఎవరిది బాబూ, అన్నాను.
కాయితం తీశాడు.
ముదునూరి భాస్కరరాజు గారు, కొత్త చెరువు,
ఇంకా పన్నెండు కిలోమీటర్లు కిందికి.
ఆయన పాత చెరువులే ఈ గట్టు అవతలివి.

గట్టెక్కి కేకేశాను,
అవతలి ఒడ్డునున్న పంటిని పిలిచినట్టు:
"రాజుగారండోయ్!
మీ పాత రొయ్యలు గాలి పీలుస్తుంటే
మీ కొత్త రొయ్యలు దార్లో పోతున్నాయండోయ్!"

చాలాసేపు చిలుకుడు చప్పుడే.
తర్వాత ఒకటి ఆగింది.
ఇంకోటి.
మూడోది ఆపడానికి ఆయనకి చెయ్యి రాలేదు,
నేనూ అడగలేదు.

ఇరవై నిమిషాలు.
అటు ఆయన టార్చి నీళ్ళ మీద తిరుగుతూనే ఉంది.
ఇటు మేం ముగ్గురం శాతాలు చదివాం,
ఏడు, తొమ్మిది, పన్నెండు,
పరీక్ష ఫలితాలు చదివినట్టు.
పద్నాలుగు దగ్గర "చాలండి, ఆయ్" అని
లైట్లు కూడా వెయ్యకుండా వెళ్ళిపోయాడు కుర్రాడు.

పొద్దున్న వీరమణి బండి సగమే నిండింది.
కాలవ వంతెన ఎక్కేచోట
పిల్లల్ని దింపి తోయించిందట.
వాళ్ళకి సరదా,
హెడ్మాస్టరు గారికి కాదు.

పుస్తకంలో మూడు గంటల దగ్గర
ఆమె పేరు చెరిపి అతని పేరు రాశాను.
పక్కనే చిన్నగా:
రాజుగారి రెండు ఏరియేటర్లు, ఇరవై నిమిషాలు, బాకీ.
ఎవరు ఎవరికో రాయలేదు.

నిన్న కంపెనీ నంబరుకి ఫోను చేశాను,
కందిరీగల సంగతి చెబుదామని.
తెలుగుకి ఒకటి నొక్కమంది, నొక్కాను.
చాలాసేపు వీణ వాయించి
మీరు వరసలో ఉన్నారు, మీ వంతు పదిహేడు, అంది.

పెన్సిలు తీసి
అదీ రాసుకున్నాను.