కొసరు

నెలకోసారి కొయిడు బజారులో
ధరలు రాసుకుపోయే మనిషిని నేను.
చంకలో అట్ట, చెవి మీద పెన్సిలు,
సంచిలో ప్రభుత్వం వారి స్ప్రింగు త్రాసు.
బియ్యం కప్పు ఎంత, పామాయిలు సీసా ఎంత,
ఉప్పు, కిరసనాయిలు, ఎండుచేప, అగ్గిపెట్టె...
అడిగి, కొని, తూచి
ముప్పై ఆరు గళ్ళూ నింపి ఫ్రీటౌనుకు పంపిస్తే
అక్కడ అన్నిటినీ కలిపి నూరి
ఒక్క అంకె చేస్తారు.
దేశం కోలుకుంటోందని రేడియో చెప్పేది
ఆ అంకెను చూసే.

నా గళ్ళలో పట్టనివి చాలా ఉన్నాయి.
కాలిన ఇంటికి రేకులు అప్పు తెచ్చినవాడి నిద్ర.
వజ్రాల కోసం తవ్వి వదిలేసిన గోతిలో
వాననీళ్ళు నిలిస్తే
చేపపిల్లల్ని వదిలి గట్టున కూచున్న ముసలాయన.
"నాకు ఉన్నది ఒక్క పాదమే,
ఒక్క చెప్పుకి సగమే కదా ఇవ్వాలి" అని
ప్రతి ఏడూ బేరమాడి
ప్రతి ఏడూ ఓడిపోయే దర్జీ.
ఒంటి చెప్పు ధరకు గడి లేదు.

ఫిందా దగ్గర కప్పంటే
టమాటా గుజ్జు డబ్బా, అంచు సుత్తితో అణిచినది.
నిండా ముంచి, పుల్లతో
అంచు మీద ఒక్క గీటు.
గింజ ఎక్కువ పోదు, గింజ తక్కువ పోదు.
యుద్ధం ఆగి ఏడేళ్ళు.
ఏడేళ్ళుగా నా త్రాసు ముల్లు ఒకే చోట ఆగింది.
వాళ్ళమ్మ కాలంలో ఇలా కాదట.
కొలిచాక పైన గుప్పెడు పడేదట,
చంకన పిల్ల ఉంటే రెండు.
"కొసరు వెయ్యాలంటే
రేపనేది ఒకటుందని తెలియాలి కదా"
అంది ఒకసారి, పుల్ల తుడుచుకుంటూ.

మార్చిలో ఒక మిట్టమధ్యాహ్నం
కొంబా వచ్చాడు.
మోటారు సైకిలు ఇంజను ఆర్పకుండానే
రెండు కప్పులన్నాడు.
ఇప్పుడతను ఊరందరినీ వెనకాల ఎక్కించుకు తిప్పుతాడు.
అప్పుడు, పద్నాలుగేళ్ళవాడు,
మోటెమా దారికి తాడు అడ్డం కట్టి నిలబడేవాడు.
ఆ తాడు దగ్గరే ఫిందావి మూడు బస్తాలు పోయాయి.
బస్తాలతో పాటు ఇంకేం పోయిందో
ఆమె చెప్పలేదు, నేనడగలేదు.
అతనెవరో ఆమెకు తెలుసు.
ఆమెకు తెలుసని అతనికి తెలుసు.
అయినా ఆమె దగ్గరే కొంటాడు,
తన కప్పు మీద మాత్రం పుల్ల
రెండుసార్లు గీరినా.

ఆ రోజు ఒక్కసారే గీరింది.
వొంపింది. రెండోదీ వొంపింది.
తర్వాత ఆమె చెయ్యి
ఆమెకు చెప్పకుండా బయల్దేరినట్టు
బుట్టలోకి మళ్ళీ వెళ్ళింది.
గుప్పెడు కూడా కాదు,
మూడు వేళ్ళ సందున ఇరుక్కున్నన్ని.
ఆ గింజలు సంచిలో పడ్డ చప్పుడు
ఇంజను మోతలో వినబడలేదు.
అతను ఇంజను ఆర్పేశాడు.
ఏమీ అనలేదు.
కాసేపటికి బండి మళ్ళీ తీయడానికి
మూడు తన్నులు పట్టింది.

"మరి నాకో?" అన్నాను.
"ప్రభుత్వానికి కూడానా!" అని నవ్వి
నాకూ వేసింది.
తూచాను. పన్నెండు గ్రాములు ఎక్కువ.

ఫ్రీటౌను నుంచి ఉత్తరం:
కొయిడులో బియ్యం ధర తగ్గినట్టు కనబడుతోంది,
మరెక్కడా తగ్గలేదు, కారణం రాయవలెను.
కారణానికి ఇచ్చిన జాగా అంగుళమున్నర.
కొసరు, అని రాశాను.
అది కాదు, అసలు కారణం రాయమన్నారు.
కొత్త త్రాసు కూడా పంపారు.

నేను స్కేలు పెట్టి
ముప్పై ఏడో గడి గీసుకున్నాను.
ఏప్రిల్లో పది గ్రాములు. మేలో పద్నాలుగు.
జూన్లో ఎవరిదో పెళ్ళి, ఇరవై.
జూలైలో వానలు ముదిరి
ఓడరేవు నుంచి వచ్చే లారీలు బురదలో దిగబడ్డాయి.
ఆగస్టుకి కప్పు ధర నెత్తికెక్కి కూచుంది.
ఫిందా నా వైపు చూడకుండా
పుల్లతో గీరి, డబ్బా వొంపి,
చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

ఆ గడిలో సున్నా వేశాను.
ఏడేళ్ళుగా
ఆ సున్నా వెయ్యడానికి గడే లేదు.