చేటెడు తవుడు

దీపాల గది నాది.
దిగేవాడికి దీపమిచ్చి బిళ్ళ పుచ్చుకుంటాను.
మేకుకి బిళ్ళ వేలాడుతుంటే మనిషి కింద ఉన్నట్టు.
షిఫ్టు దిగేసరికి మేకులన్నీ బోసిపోవాలి.
బోసి మేకే మాకు శుభం.

మంగళవారం రాత్రి రెండు బిళ్ళలు ఉండిపోయాయి.
నలభై ఏడు. అరవై మూడు.

పాత గ్యాలరీ గోడ పగిలిందట.
తాతల నాడు మాంగనీసు తవ్వి వదిలేసిన బొరియ,
ఏ మ్యాపులోనూ లేదు.
నీళ్ళకి మాత్రం దారి తెలుసు.

గర్భాం అంటే బయటివాళ్ళు నవ్వుతారు, అదేం పేరని.
ఈసారి ఎవరూ నవ్వలేదు.

రెస్క్యూ బండి గరివిడి గేటు దగ్గర ఆగిపోయింది.
యాభై ఎనిమిది వ్యాగన్లు, మా రాయే,
తాపీగా దాటింది.
పంపు వచ్చింది, గొట్టం సైజు కలవలేదు.
చీపురుపల్లి నుంచి ఇంకోటి వచ్చింది,
తోడేదానికంటే ఊరేది ఎక్కువ.
మొహాలకి మాస్కులు బిగించుకున్న కుర్రాళ్ళు
నడుంలోతు బురదలో వెతికి
సిలిండరు ముల్లు ఎర్రగీత తాకితే ఎక్కొచ్చారు.
ఒకడు నా మెట్టు మీద కూర్చుని వాంతి చేసుకున్నాడు.
నీళ్ళిద్దామని చెంబు అందుకోబోతే
నాకు చెయ్యి రాలేదు.

దీపం పన్నెండు గంటలు వెలుగుతుంది.
నలభై ఏడుకి నేనిచ్చింది పాత బ్యాటరీ.
ఎవరూ అడగలేదు.
నేనూ చెప్పలేదు.

రెండోనాడు పొద్దున్న
పైడమ్మ చేట పట్టుకొచ్చింది.
"ముందు ముగ్గురు దక్కలేదు బాబూ.
ఈడు పుట్టినప్పుడు పక్కింటోల్ల సేతిలో ఎట్టీసి
సేటెడు తవుడుకి కొనుక్కున్నాను.
అందుకే తవుడని పిలిసినాను.
మల్లీ తెచ్చినాను, అట్టుకో.
నా గుంటడ్ని ఇచ్చీ."

రిజిస్టరులో తవుడుకి గడి లేదు.
అందుకుని దీపాల పక్కన పెట్టాను.

ఆ రాత్రి మూడు దాటాక
పైనించి దింపిన బోరు గొట్టంలో
టంగు. టంగు. టంగు.
మా గంటల లెక్కలో ఒకటంటే ఆగు.
మూడంటే మనిషి.
ఏ మనిషో చెప్పదు.

ఎవరో కేకేశారు, ఎవరో పరిగెత్తారు.
నా కిటికీ ఊచలు పట్టుకుని ఇద్దరు ఆడవాళ్ళు
బిళ్ళల వైపే చూస్తూ ఉండిపోయారు.
చాలాసేపటికి, అరవై మూడు,
గవరయ్య పెళ్ళాం,
మొహం తిప్పుకునే అడిగింది:
"అప్పా, ఒక గుప్పెడు..."

పైడమ్మ నా దగ్గర్నుంచి చేట పుచ్చుకుని
ఆమె కొంగులోకి
సగం వంచింది.