పూడ్చడం

యంత్రం కోసిన మట్టిగోడలో
కాలువ అడ్డంగా తెగి కనబడింది,
గిన్నె ఆకారంలో.
అడుగున ఇసుక, పైన సన్నని ఒండ్రు, మళ్ళీ ఇసుక.
ఒక ఏడు నీళ్ళు ఉరికాయి, ఒక ఏడు నిలిచాయి.
నత్తగుల్లలు ఇంకా నోళ్ళు తెరుచుకునే ఉన్నాయి.

ఫీనిక్స్‌లో జూలై. పదింటికే తాపీ పిడి చురుక్కుమంటోంది.
కంచె అవతల రాబోయే అపార్ట్‌మెంట్ల బోర్డు,
ఈతకొలను బొమ్మతో.

ఎర్రగీతల కుండపెంకు ఒకటి దొరికింది.
లోపలివైపు బొటనవేలి నొక్కు.
నా వేలు పెట్టి చూశాను, పట్టలేదు.
"చిన్నపిల్ల అయ్యుంటుంది," అన్నాడు డెల్బర్ట్ ఆంటోన్,
"లేదా నీది మొద్దువేలు."
పెంకుకి నంబరు వేశాను.
నొక్కుకి ఫారంలో గడి లేదు.

హీలా నది ఒడ్డు మనిషి అతను, ఓఓధమ్.
మేం తవ్వుతుంటే చూస్తూ ఉండడమే అతని ఉద్యోగం.
హోహోకమ్ అంటే అయిపోయినవాళ్ళని
చదువుకున్నాను, అన్నాను.
నీళ్ళు తాగి, సీసా మూత బిగించి
అతను చెప్పింది నా భాషలోకి తెచ్చుకుంటే
మధ్యలో ఒక్క 'పోవడం' తీసెయ్యాలి:
అయినవాళ్ళు.

శుక్రవారానికి కొలతలు ముగిశాయి.
కాలువ మీద గుడ్డ పరిచి
తీసిన మట్టే తిరిగి పోశాం.
గుడ్డ మీద ఈ ఏటి నాణెం ఒకటి వేశాను,
మళ్ళీ ఎవరైనా తవ్వితే
మేం ఇంతవరకే వచ్చామని తెలియాలి కదా.

రాత్రి వాన. దానికంటే ముందే పొదల వాసన.
పొద్దున వెళ్తే, పూడ్చిన చోట మట్టి కుంగి
సన్నగా, పడమటికి వాలుగా, నీళ్ళ చార.
డెల్బర్ట్ ఏమీ అనలేదు.
బూటు విప్పి
అందులో కాలు పెట్టాడు.