అయిదున్నర అడుగుల చీకటి

సుకాంత్ కూల్‌డ్రింకు కొట్టు ఫ్రీజర్లో
పాల ప్యాకెట్ల కింద ఆర్నెల్లు పడుకున్న డబ్బా.
మధ్యాహ్నమే తెచ్చి గూట్లో పెట్టాను.
చెమట పట్టింది, ఆరింది,
గది వేడికి మెల్లగా అలవాటు పడింది.
వంద అడుగుల ఫిల్ము. మూత మీది గడువు తేదీ
నా పెళ్లి కన్నా పాతది.

గుణుపురంలో కరెంటు పోతే అందరూ తిట్టుకుంటారు.
నేను ఎదురుచూస్తాను.

చింతపండు బస్తాల గదిలో, తలుపు సందుకి గోనె కుక్కి,
బల్ల మీద ఎడమ నుంచి కుడికి
కత్తెర, టేపు ముక్కలు, ఖాళీ రీళ్లు, వాటి మూతలు.
ఒక్కటి జరిగినా ఈ రాత్రి పోయినట్టే.
రీళ్ల మీద దండాసి బాబు ఒడియా దస్తూరీ
ఇంకా వదల్లేదు: ఎవరి బారసాలో, ఎవరి ఊరేగింపో.
స్టూడియో మూసిన రోజు ఆయన
కెమెరాలు అమ్మాడు, తెర అమ్మాడు,
లోడరు మాత్రం తువ్వాల్లో చుట్టి నాకిచ్చాడు.
“సబు అంధార అంధార నుహేఁ” అన్నాడు.
అప్పుడు నవ్వాను.

మొదటి చుట్ట వరండాలో ఎక్కించాను,
మిట్టమధ్యాహ్నం, నల్ల సంచీలో చేతులు దూర్చి.
కడిగితే ముప్ఫై ఆరు ఫ్రేములూ కాటుక.
నా కంటికి నలుపైన గుడ్డ
ఈ ఫిల్ముకి తెరిచిన కిటికీ.
అప్పుడర్థమైంది ఆయన మాట.
చీకట్లలో కూడా కల్తీ ఉంటుంది.

ఇప్పుడు సంచీని నమ్మను. లోడరు ప్లాస్టిక్కునీ నమ్మను.
కొనకి వెలుగు తగిలితే చాలు,
చింతకాయ కొరికిన పంటి జివ్వులా
లోపలికంటా పాకిపోతుంది.

కొస దొరికింది. టేపు అంటింది. మూత పడింది.
పిడి తిప్పుతూ లెక్క:
ఏక, దుయి, తిని, చారి...
ఇరవై దాకా ఆయన నేర్పిన ఒడియాలో,
ఆపైన నోరు దానంతటదే తెలుగులోకి దిగిపోతుంది.
ఎక్కడ దాటానో ఎప్పుడూ తెలీదు.
చుట్టకి అయిదున్నర అడుగులు. ఓ మనిషి నిలువు.

మూడోది కోస్తుండగా వీధిలో కేక.
కరెంటొచ్చింది.
గోనె అంచున దారమంత పసుపు.
బల్ల మీద బోర్లా పడ్డాను, డబ్బాని పొట్టకింద దాచి,
కోడిపెట్టలా, ఊపిరి కూడా పీల్చకుండా,
మళ్లీ పోయేదాకా.
అంతసేపూ చింతపండు వాసన, నా గుండె చప్పుడు.
ఎవరైనా చూస్తే ఏమనుకునేవారో.

వంశధార ఒడ్డున తవిటమ్మని నిలబెట్టాను.
లెన్సుకి ఎర్రద్దం, దాదాపు నలుపు;
దానిలోంచి మనిషి కనబడదు.
కన్ను కుదిరిందన్న చోట కాదు,
పక్కనున్న చిన్న ఎర్రగీత దగ్గర ఆపాలి.
“ఎండలో ఎంతసేపు నిలబెడతావురా” అని
నల్లగొడుగు విప్పుకుంది.
తీశాను.

బొమ్మ చేతికిస్తే చాలాసేపు మాటాడలేదు.
ఏరు నల్లగా, సిరా పోసినట్టు. ఆకాశమూ అంతే.
“ఇదేటి, కొండకి ముగ్గుపిండి ఎవులు సల్లినారు?”
మామిడి తెల్లబోయింది. వెదురు తెల్లబోయింది.
పచ్చగా ఉన్నదంతా తెల్లబోయింది.
ఆమె మోచేతి కింద పచ్చబొట్టు తేలు ఒక్కటే
నల్లగా, తోక ఎత్తి,
నిన్న పొడిచినట్టు.

దాన్ని వేలితో తడిమింది, బొమ్మలో ఒకసారి,
చేతి మీద ఒకసారి.
“పదేళ్లప్పుడు సంతలో పొడిసినారు. అమ్మ గట్టిగా పట్టుకుంది.
నానేడిసినాను, అదీ ఏడిసినాది.”

ఇంకేమైనా చెబుతుందని ఆగాను.
“మరి నా నల్లగొడుగేదిరా?”
ఆమె తల మీద పాలరంగు గొడుగు.
అదే ఇది అన్నాను. నమ్మలేదు.
బొమ్మని వెనక్కి తిప్పి చూసింది,
అటువైపు ఉందేమోనని.