బురద అంటని గురువారాలు

ఉత్తరం శాంతియాగో నుంచి వచ్చింది, నోల్బెర్తో.
మర్యాదగానే రాశారు.
మొదటి వాక్యంలో సంతాపం,
చివర ఒక కామా,
కామా తర్వాత "అయితే".

ఆ "అయితే" దగ్గరే కూర్చుండిపోయాను.
పొయ్యి మీద కెటిల్ ఈల వేసి వేసి
నీళ్లన్నీ ఇగిరాక తనే ఊరుకుంది.

పదకొండో ప్రశ్నకి నువ్వు అబద్ధం చెప్పావట.
"గత ఐదేళ్లలో ఊపిరితిత్తుల జబ్బుకి
వైద్యం చేయించుకున్నారా?"
లేదు అన్న గడిలో ఇంటూ గుర్తు.

ఆ ఇంటూ నాది.
ఏజెంటు కుర్రాడు కుర్చీ అంచున కూర్చుని
కొరొనెల్‌కి ఆఖరి బస్సు పోతుందని వాచీ చూసుకుంటున్నాడు.
నీ కళ్లజోడు కనబడలేదు.
రొట్టెపిండి అంటిన వేళ్లతో నేనే చదివాను.
గుండె? లేదు. చక్కెర? లేదు.
ఊపిరితిత్తులు?
నువ్వు కిటికీలోంచి సముద్రం వైపు చూశావు,
ఆ నీళ్ల అడుగున ఇరవై రెండేళ్లు బొగ్గు తవ్వినవాడివి.
"లేదని రాయి" అన్నావు.
దగ్గొస్తే మింగావు.
మింగడం చూశాను.
చూసే, ఇంటూ కొట్టాను.

రెండేళ్లు దాటితే ఏమీ అడగరట.
నువ్వు పందొమ్మిది నెలలకే తొందరపడ్డావు.

రెండో పేజీ నిండా తేదీలు.
కొన్సెప్సియోన్ ఆసుపత్రి కాగితాలు తవ్వి
వాళ్ల మనిషెవరో వరసగా పేర్చాడు.
మార్చి తొమ్మిది, ఎక్స్‌రే.
మార్చి ఇరవై మూడు, గొట్టంలోకి ఊదే పరీక్ష.
ఏప్రిల్ ఆరు,
"భార్యకు తెలియనివ్వవద్దని రోగి కోరాడు."

పాల లెక్కలు రాసుకున్న కేలండర్లు నేను పారేయను, తెలుసుగా.
తీసి చూశాను.
అన్నీ గురువారాలే.

గురువారం నీకు క్లబ్బులో రయువేలా ఆట.
బురదపెట్టెలో దారం కట్టి
ఇనుప బిళ్లలు విసిరే ఆట.
ఆడి వచ్చినవాడి ప్యాంటు చూడక్కర్లేదు,
బురద దానంతటదే చెబుతుంది.
నీ ప్యాంట్లు ఉతికింది నేను.
ఒక్క చుక్క ఉండేది కాదు.
పైగా చొక్కాకి ఏదో వాసన,
సబ్బు కాదు, సెంటు కాదు.
ఆ వాసనకి నేనే ఒక పేరు పెట్టుకున్నాను:
ఒలాయా.
మందుల షాపు పక్కన బట్టలు కుట్టే ఒలాయా.

ఐదేళ్లు ఆమెతో మాట్లాడలేదు.
వాళ్లమ్మ పోయినప్పుడు రోడ్డు దాటి అవతలి వైపు నడిచాను.
నీ పళ్లెంలో మాంసం ముక్క చిన్నదయింది,
నువ్వు అడగలేదు.
రాత్రిళ్లు గోడకేసి తిరిగి పడుకునేదాన్ని.
నా వీపు వెనక నువ్వు ఒక్కొక్క ఊపిరీ లాగుతుంటే
నిద్ర నటిస్తున్నావనుకున్నాను.
నిప్పు లేందే పొగ రాదంటారు.
నిప్పు నీ రొమ్ములో పెట్టుకున్నావు,
నేను వీధి వీధంతా వెతికాను.

అప్పీలు చేద్దాం అంటోంది యాస్నా.
ముప్పై రోజుల గడువుందట.
"నాకేమీ తెలియదని రాయమ్మా, చాలు."
దగ్గు తెలుసు. జబ్బు తెలియదు.
దానికి గడి ఏదీ?

పైసా రాదని చెప్పే ఆ ఉత్తరాన్ని
నాలుగుసార్లు చదివాను.
నాలుగోసారి ఏడుపొచ్చింది,
డబ్బు కోసం కాదు,
డబ్బు కోసం కూడా.

ఇవాళ నీ బూడిదరంగు ప్యాంటు
మనవడికి పొట్టి చేయించాలని తీసుకెళ్లాను.
ఒలాయా గుమ్మంలో నన్ను చూసి
సూది నోట్లోంచి తీసి కుర్చీ లాగింది. ఏమీ అనలేదు.
అంచులు తిరగేసి, వెలుగులో పెట్టి,
"కొత్తవాటిలా ఉన్నాయే.
ఆయన రయువేలా ఆడేవాడు కదూ?"

"ఆడేవాడు," అన్నాను.
"ప్రతి గురువారం."