తిరుగు తీగ

కొర్లగుంటలో ఇరవై రెండేండ్లు
ఆటోలకీ జీపులకీ కొండెక్కే వ్యాన్లకీ
వైర్లు లాగిన చేతులివి.
బండికి ఒక్క వైరు చాలు.
లైటు దాకా ఎర్రది పోతుంది,
తిరిగొచ్చే దారి బండి ఒళ్లే.
ఇనుముకి బోల్టు బిగిస్తే అదే ఎర్తు.
ఎర్తంటే ఏందని ఏపొద్దూ ఆలోచించలా.

తడ అవతల, భీములవారిపాళెం రేవులో
ఏకాంబరం పడవ దిమ్మెల మీద కూర్చోనుండాది.
డీజిలు ఇంజిను పీకేసిన చోట
నూనె మరక ఇంకా ఆరలా.
కొత్త మోటారుకి నలభై ఎనిమిది వోల్టులు,
దాన్ని కంపెనీవాళ్లు బిగించి పొయినారు.
మిగిలిందంతా నాది:
ముక్కున పెద్ద లైటు, వెనక చిన్నది,
హారను, నీళ్లు తోడే పంపు,
సెల్లు చార్జింగుకి ఒక పాయింటు.
పన్నెండు వోల్టుల చిన్నాచితకా సంసారం.

"ఇంతేగదా, జీపు లెక్కే" అన్నాను.
తిలకం ఏమీ అనలా.
ఐటీఐ ముగించి నా దగ్గర చేరి మూడు నెలలు.
పళ్ల మధ్య ఎప్పుడూ ఒక టేపు ముక్క, మాట తక్కువ.

ముక్కు లైటుకి ఎర్ర వైరు లాగినాను.
నల్లది జానెడు తునక కోసి
పక్కనున్న బోల్టుకి చుట్టినాను, చెయ్యి వాటంలో.
స్విచ్చి వేస్తే చీకటి.
బల్బు మార్చినా. ఫ్యూజు చూసినా.
హోల్డరుని తిట్టినా, దాన్ని అమ్మినోణ్ణి తిట్టినా.
తిలకం ఆ బోల్టు మీద వేలు పెట్టి
"ఇది యాడికి పోతాదన్నా?" అనింది.

యాడికీ పోదు.
పడవ ఒళ్లు ఫైబరు.
ఈ పొద్దు ఫైబరు కింద దిమ్మెలు,
రేపు ఉప్పునీళ్లు, ఆ నీళ్లకింద యాడో బురద.
ఇక్కడ మనకి ఎర్తు లేదు.
పొయ్యే ప్రతిదానికీ తిరిగొచ్చేదాన్ని
మనమే పక్కన పండబెట్టాల.

మళ్లీ మొదలు పెట్టినాం.
పోను ఇరవై అడుగులు, రాను ఇరవై.
అట్టపెట్టె మూత మీద నలభై అని రాసుకునింది.
నేను ఇరవై లెక్కకి తెచ్చిన సన్న వైరు
ముక్కు దగ్గర పదిన్నర వోల్టులే చూపించింది.
రెండు వోల్టులు దారి ఖర్చు,
నూరు రూపాయలతో బయల్దేరినోడు
టీలకీ బీడీలకీ పోగొట్టుకొని సంత చేరినట్టు.
సూళ్లూరుపేటకి పొయి లావు వైరు తెచ్చినాను.
ఆ డబ్బు సంగతి ఏకాంబరానికి చెప్పలా.

పాత వైరు పీకుతుంటే చేతిలోనే విరిగింది.
పైన ప్లాస్టిక్కు పెండ్లికొడుకు మాదిరి మెరుస్తా ఉంది,
లోపల రాగి అంతా కిలుము.
పులికాటు గాలికి ఓపిక జాస్తి,
సూది మొనంత సందు ఇస్తే చాలు.
అందుకే తగరం పూసిన తీగ,
ప్రతి అతుకు మీదా ముడుచుకునే గొట్టం,
లైటరు మంట చూపించి చూపించి
నా బొటనవేలు కమిలింది.
బ్యాటరీకి జానెడు లోపలే ఫ్యూజు.
పెట్టెలోకి దూరే ముందు వైరుకి రవంత కుంగు,
కారే బొట్టు అక్కడే రాలిపోను.

సాయంత్రం నీళ్లలోకి దించినాం.
ఏకాంబరం స్విచ్చి తిప్పి నా తట్టు చూసినాడు.
"పని చేస్తా ఉందా?"
ఎర్ర చుక్క ఒకటి వెలుగుతా ఉంది,
పడవ అప్పటికే మూరెడు జరిగింది.
రొయ్యపిల్లలు ఎగిరే చప్పుడు,
గెడ మీద తడిగుడ్డ కొట్టుకునే చప్పుడు.
ముప్పై ఏండ్లు ఇంజిను మీద అరిచి మాట్లాడినోడు
ఇప్పుడూ అరుస్తానే ఉండాడు,
లైటు బాగుందనీ, ఒడ్డు కనిపిస్తా ఉందనీ.
ఆయన పెండ్లాం రాజకన్ని
చెవిమీద చెయ్యి అడ్డం పెట్టుకొని
"ఎందుకబ్బా ఆ గొంతు, పక్కనే గదా ఉండా" అనింది.
ఆయన ఆగినాడు.
తన గొంతు తనకే కొత్తగా, తగ్గించి
ఏదో చెప్పినాడు, నాకు వినపడలా.

తిలకం పలక ఎత్తి
అడుగున చెయ్యి పెట్టి తడిమింది.
నోట్లో టేపు ముక్క తీసి
"పొడిగానే ఉందన్నా" అనింది.