లైన్ క్లియర్

కొత్త ఏఈ వచ్చిన మొదటి రోజు
దేవరకొండ అవతల మా సబ్‌స్టేషన్‌ల
కుర్చీల కూసోకుంట
కంకర మీద నిలబడి అడిగింది:
"ముత్యాలన్నా, ఈ సెక్షన్‌ల
ఎక్కాలంటే నీకు భయమయ్యే స్తంభం ఏది?"

ఇరవై రెండేండ్ల సర్వీసు.
పాత సార్లు అడిగినవి వేరే:
బకాయిలెంత, ఫ్యూజు పోయి ఎంతసేపాయె,
సర్పంచ్ ఫోను ఎందుకెత్తలె.
భయం సంగతి అడిగినోళ్లు లేరు.
"ఏదీ లేదు మేడం" అన్న.
అబద్ధం.
ఆమె డైరీల ఏదో రాసుకుంది.
నేను గేటు బయటికి పోయి బీడీ ముట్టించిన.

సార్లతోని మాకు ఒక లెక్క ఉండె.
ఎదురు మాట్లాడొద్దు,
బత్తాయి తెంపే కాలంల ఒక సంచి ఇంటికాడ దింపాలె,
బదిలీ అయిన్నాడు శాలువ కప్పాలె.
అది దోస్తీ గాదు, భయానికి కట్టే మిత్తి.
నస్రీన్ మేడంకు గూడ సంచి పట్టుకపోయిన.
తూకం వేయించి పైసలిచ్చి
"తియ్యగున్నయన్నా, తోట ఎవరిది?" అన్నది.
నాకు తల కొట్టేసినట్టయింది.
శానా రోజులు ఆమె మొకం సూడలె.

లైన్ క్లియరంటే మీకెరుకేనా?
పదకొండు వేల వోల్టులు పారే తీగను
నేను ముట్టుకునే ముందు
సబ్‌స్టేషన్‌ల ఒకరు బ్రేకర్ బంద్ జేసి
రిజిస్టర్ల టైం రాసి
ఫోన్ల ఒక మాటంటరు.
ఆ మాట మీద కాలు పెట్టి నేను పైకెక్కుత.
మా నిచ్చెనకు అదే మొదటి మెట్టు.

రోహిణి కార్తె, రాత్రి గాలిదుమారం.
తీగల మీద తుమ్మచెట్టు కూలి
తండా దిక్కంత చీకటి.
ఆపరేటర్ సెలవుల ఉంటే
మేడమే కూసుంది ప్యానెల్ ముందట.
ఒక చెవిల రైతుల తిట్లు, ఒక చెవిల నేను.
"తండా ఫీడర్ బంద్ చేసిన. ఎక్కన్నా."

స్తంభం మీద చెయ్యేసిన.
దూరంగ, గుట్ట కింద ఒక బల్బు.
వెలగొద్దు అది.
అది తండా ఫీడరుదే.

పై ఆఫీసర్‌కు కాదని చెప్పుడు
మేం నేర్చుకోని పని.
మొకం మీద వాన కొడుతుంటే
నాలుక మాత్రం ఎండిపాయె.
"లేదు మేడం. నేనెక్క.
మీరు బంద్ చేసింది వేరేది."

అటు దిక్కు చప్పుడు లేదు.
అయిపాయె అనుకున్న. మెమో, బదిలీ,
నల్లమల అంచుల ఏదో ఊరు.
తర్వాత ఫోన్లనే వినపడ్డది
బ్రేకర్ ఠప్పున పడ్డ చప్పుడు.
గుట్ట కింద బల్బు ఆరింది.
సన్నటి గొంతు:
"ఇప్పుడు చూడన్నా. రెండుసార్లు చూడు."

తెల్లారి అందరిని పిలిచింది.
రిజిస్టర్ తెరిచి
రాత్రి రాసిన తప్పు టైమును కొట్టెయ్యకుంట
దాని కింద రాసింది చదివింది:
"పొరపాటు నాది. వేరే ఫీడరు ఆపాను.
లైన్‌మన్ ముత్యాలు ఎక్కనన్నాడు."
సంతకం.
ఫ్యాను తిరుగుతున్న చప్పుడొక్కటే.
మా పిలగాడు హరిలాల్
నన్ను చూసి నవ్వబోయి ఆపుకున్నడు.

ఏం జెయ్యాల్నో తెల్వక నేను చాయ్ తెచ్చిన.
అదీ పాత అలవాటే అంటరేమో.
ఈసారి రెండు గ్లాసులు తెచ్చిన.
కంకర మీదనే కూసున్నం.
సగం తాగినంక నోరొచ్చింది:
"కాలువ పక్కన, నూట పద్నాలుగో స్తంభం మేడం.
అక్కడనే మా యాదగిరి పోయిండు.
ఎవరో లైన్ క్లియర్ అన్నరు.
ఆ ఎవరో పేరు
ఏ రిజిస్టర్ల లేదు."

ఆమె డైరీ తియ్యలె.
గ్లాసు కింద పెట్టి హెల్మెట్ అందుకున్నది.
"పోయి చూద్దాం పా అన్నా."

బండి నాది. వెనక ఆమె.
దారి పొడుగూత స్తంభాలు లెక్కబెడుతున్నది, పైకే,
బడి పిల్ల లెక్క.
తొంభై ఆరు కాడ ఒకటి తప్పింది.
నేను సరిజేసిన.